మఠానికి కట్టిన ముడుపు

ఆ ఇంట్లో నన్ను మంత్రగత్తె అన్నారు. అన్నది మామా. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే మేమంతా యజమానురాలిని మామా అనే పిలుస్తాం, ఆవిడ వయసులో మాకంటే చిన్నదైనా సరే. ఆ మాట నేనెందుకు పడాల్సి వచ్చిందో చెప్పాలంటే ముందు ఒక మఠం సంగతి చెప్పాలి. దాన్ని నేను చూడలేదు, చూడబోను కూడా. అయినా గుమ్మం దగ్గర్నుంచి గంట దాకా నాకు తెలుసు. కువైట్‌లో ఫింటాస్ అనే చోట సముద్రం కనిపించే ఒక ఫ్లాట్‌లో కూర్చుని, ఒక ముసలావిడ కాళ్ళకు నూనె రాస్తూ ఆ కథ దాదాపు రోజూ విన్నాను.

ఆవిడని అందరూ తేతా అనేవారు. వాళ్ళ భాషలో నాయనమ్మని అలా పిలుస్తారు. వాళ్ళు సిరియా నుంచి వచ్చిన క్రైస్తవులు, ఆర్థడాక్స్ వాళ్ళు. కొడుకు ఇక్కడ ఇంజనీరు, ఆయన్ని నేను బాబా అనేదాన్ని. మామా ఆయన భార్య. ఊళ్ళో యుద్ధం మొదలైన కొత్తల్లో, గొడవలు సద్దుమణిగాక మళ్ళీ పంపిస్తానని చెప్పి కొడుకు తల్లిని ఇక్కడికి తెచ్చేసుకున్నాడు. గొడవలు సద్దుమణగలేదు, ఆవిడ వెళ్ళలేదు. కాళ్ళు పడిపోతున్నాయని ఆవిడ కోసం నన్ను పెట్టుకున్నారు.

అంతకుముందు నేను అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో చేశాను. నాకొచ్చిన అరబ్బీ అంతా అక్కడిదే. నేను నోరు విప్పితే చాలు తేతాకి నవ్వు. ఒంటెలు కాసేవాళ్ళ మాట నీది అనేది. నాకు ఒళ్ళు మండేది. మీది మాత్రం ఏ దేవతల భాషమ్మా అని తెలుగులో గొణుక్కునేదాన్ని. అయితే మఠం కథ చెప్పేటప్పుడు మాత్రం నాకు అర్థం కావాలని నిదానంగా, చేతులు తిప్పుతూ, దుప్పటి మీద వేలితో గీతలు గీస్తూ చెప్పేది. నేను మర్నాడు అప్పజెప్పాలి. ఒక రాజుకి బదులు ఇంకో రాజుని తెస్తే కాలు లాక్కునేది.

వాళ్ళ ఊరికి పైన కొండ, కొండ నడుమ ఒక గుహ. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఒక సన్యాసి ఒక మేకని తోలుకుంటూ వచ్చి ఆ గుహలో కూర్చున్నాడట. మేక పాలు, కొండ మీద ఆకులు, అదే తిండి. ఆయన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒకరొకరే అక్కడ ఉండిపోయారు. గుహ ముందు గోడ కట్టారు, గోడ మీద కప్పు వేశారు, కప్పు మీద గుమ్మటం లేపారు. అలా మరియమ్మ తల్లికి చర్చి వెలిసింది, చర్చి చుట్టూ సన్యాసుల గదులు వచ్చాయి. దాన్ని వాళ్ళు దైర్ అంటారు, మన మాటలో మఠం. గుమ్మం మనిషి నడుము ఎత్తు కూడా ఉండదట. గుర్రం మీద వచ్చినవాడు దిగాలి, దిగినవాడు వంగాలి, వంగినవాడి మెడ లోపలున్నవాడి చేతికి అందుతుంది. భక్తుడైతే దండం పెట్టినట్టవుతుంది, దొంగైతే దొరికిపోతాడు అని చెప్పి తేతా ఎంతో గొప్పగా నవ్వేది, ఆ గుమ్మం తనే కట్టించినట్టు.

ఒకప్పుడు పడమటి దేశాల నుంచి బట్టల మీద శిలువ గుర్తేసుకుని సైన్యాలు వచ్చాయట. వాళ్ళూ క్రీస్తునే కొలుస్తారు కదా, మీకేం భయం అన్నాను. నా చేతి మీద ఒక్కటిచ్చింది. మా పూజ వేరు, వాళ్ళ పూజ వేరు, గడ్డాలు పెంచుకున్న మా సన్యాసులు వాళ్ళ కంటికి మనుషుల్లా ఆనలేదు, వెండి గిన్నెలన్నీ ఎత్తుకుపోయారు అంది. ఆ గిన్నెలు నిన్న తన వంటింట్లోంచి పోయినంత కోపం ఆ మొహంలో. తర్వాత వచ్చిన రాజు ఎవడో చర్చిలో గుర్రాలు కట్టేశాడు. ఆ తర్వాత భూకంపం వచ్చి గుమ్మటం కూలింది. కింది ఊళ్ళ ఆడవాళ్ళు ఒళ్ళో రాళ్ళు వేసుకుని కొండెక్కితే మళ్ళీ లేచింది. ఒక చలికాలం మహమ్మారి వచ్చి సన్యాసులంతా పోయారు. మిగిలిన ఒకే ఒక్కడు ఏ వేళకి కొట్టాల్సిన గంట ఆ వేళకి కొడుతూనే ఉన్నాడట, పైన అందరూ క్షేమంగా ఉన్నారని కింది ఊళ్ళవాళ్ళు అనుకోవాలని. ఈ ముక్క దగ్గర తేతా గ్లాసు కోసం చెయ్యి చాపేది. నేను మంచినీళ్ళు అందించేదాన్ని.

ఇన్ని జరిగినా అక్కడ తల్లి పటం ముందు దీపం కొండెక్కలేదని వాళ్ళ నమ్మకం. మన అఖండ దీపం లాంటిదే. నూనె ఊళ్ళోవాళ్ళ వంతు, ఇంటికో నెల. తేతా అత్తింటివారి వంతు ఆలివ్ కాయలు దులిపే నెలలో వచ్చేది. పక్క ఊరి ముస్లింలు కూడా పిల్లలకి జ్వరాలొస్తే సీసాతో నూనె తెచ్చి పోసేవారట. అన్ని వందల ఏళ్ళ పొగకి పటంలో తల్లి మొహం నల్లబడిపోయి కళ్ళు మాత్రమే కనిపించేవట. మరి ఎప్పుడూ తుడవరా అని అడిగి ఇంకో దెబ్బ తిన్నాను.

ఇదంతా ఎన్నిసార్లయినా చెప్పేది. ఒక్క సంగతి మాత్రం ఒక్కసారే చెప్పింది, అదీ మామా బజారుకి వెళ్ళినప్పుడు, గొంతు తగ్గించి. బాబా కాలేజీలో చదువుకునే రోజుల్లో ఎవరో మనుషులు కారులో వచ్చి రోడ్డు మీద నుంచి పట్టుకుపోయారు. నెలలు గడిచినా ఉన్నాడో పోయాడో తెలియలేదు. అడగడానికి వెళ్తే అడిగినవాళ్ళనీ పట్టుకుపోయే కాలం. అప్పుడు తేతా ఆ పటం ముందు మోకాళ్ళ మీద పడి మొక్కుకుంది. నా బిడ్డ ప్రాణాలతో వస్తే, వాణ్ణి వెంటబెట్టుకుని చెప్పులు లేకుండా ఊరి నుంచి కొండెక్కి వస్తాను, మా చెట్ల నూనె పోస్తాను, వాడి చేత కొత్త వత్తి వెలిగింపిస్తాను అని. బిడ్డ వచ్చాడు. ఎముకల గూడులా వచ్చాడు. మఠానికి పోదాం రా అంటే, నన్ను బంధించిన గదిలోకి ఆ తల్లి రాలేదు, నేను ఆ తల్లి దగ్గరికి రాను అన్నాడట. ఆ వెంటనే దేశం దాటించేశారు. ఏటా వచ్చే వేసవి, వచ్చే వేసవి అనుకుంటూ ఆయన యాభైకి వచ్చాడు, తర్వాత యుద్ధం వచ్చి దారే మూసుకుపోయింది.

 తీరని మొక్కు అంటే ఏంటో నాకెవరూ చెప్పక్కర్లేదు. గల్ఫ్‌లో ఉన్న మా కోనసీమ ఆడదాన్ని ఎవర్ని కదిపినా ఒక తీరని మొక్కు బయటపడుతుంది. నాకూ ఒకటుంది, దాని సంగతి ఇప్పుడెందుకులెండి. ఇక్కడ కూడా చర్చి ఉంది కదా, అక్కడా ఆ తల్లే కదా, అక్కడ నూనె పోసేస్తే పోదా అని అడిగాను. అడుగుతూనే తప్పని తెలుసు నాకు. ఏ గుమ్మంలో మొక్కితే ఆ గుమ్మంలోనే తీర్చాలి. తేతా కూడా ఆ మాటే అంది.

ఆ చలికాలం ఆవిడకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో ఉంచి పంపారు కానీ ఇంటికొచ్చాక తిండి మానేసింది. చెంచా నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసేది. మామా కసురుకునేది, బాబా బతిమాలేవాడు. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "నేను పోతే ఆ మొక్కు వాడి మీద పడుతుంది, బింతీ" అంది. బింతీ అంటే నా కూతురా అని.  ఆవిడకి చావంటే భయం లేదు. కొడుక్కి ఏదో అవుతుందనే భయం.

అప్పుడు నాకు తోచింది నేను చేశాను. మా వైపు మొక్కు వెంటనే తీర్చలేనప్పుడు ముడుపు కడతాం. పసుపు గుడ్డలో ఒక నాణెం పెట్టి, కాసిని అక్షింతలు వేసి, ఫలానా ఊరి ఫలానా దేవుడా, ఫలానా వాళ్ళ కోసం, నేను మర్చిపోలేదు, ఆలస్యమైందని అలగొద్దు, వస్తాను అని పైకి చెప్పుకుని ముడివేస్తాం. తీర్చినరోజు ఆ గుడిలోనే విప్పాలి. తేతాకి ఇది నా ఒంటెల భాషలో చెబితే ఒక్కసారికే అర్థమైంది. దిండు కింద నుంచి చిన్న సంచీ తీసి, ఊరి నుంచి వచ్చేటప్పుడు జేబులో మిగిలిన సిరియా నాణెం ఇచ్చింది. నేను పాత దిండు గలీబు చించి పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టాను. ముడి నేను వేస్తుంటే మాటలు ఆవిడ చెప్పింది. తన ఊరి పేరు, దైర్ పేరు, తల్లి పేరు, కొడుకు పేరు. గదిలో గోడకి ఉన్న మరియమ్మ పటం వెనక దాన్ని పెట్టాను. ఆ సాయంత్రం ఆవిడ సగం గిన్నె సూప్ తాగింది. వారం తిరిగేసరికి నేను గుర్రాల రాజు పేరు తప్పు చెప్పానని కాలు లాక్కుంది.

పక్క ఫ్లాట్‌లో పనిచేసే రాయచోటి ముస్లిం పిల్లతో ఈ సంగతి చెప్పాను, చెత్త పడేసే చోట కలిసినప్పుడు. మెచ్చుకుంటుందనుకున్నాను. దాని మొహం పాలిపోయింది. అది ముందు చేసిన ఇంట్లో పనిమనిషి పెట్టెలో తాయెత్తు దొరికితే సిహ్ర్ చేసిందని పోలీసులకి పట్టించారట. సిహ్ర్ అంటే చేతబడి. ఆ మనిషి జైల్లో పడి, అక్కణ్ణుంచి అటే విమానం ఎక్కిందట.

"అక్కా, ముందు దాన్ని తీసేయ్. పసుపు గుడ్డ, బియ్యం, ముడి, ఇంగేం కావల్ల వాళ్లకి? నీ మాట ఎవురు ఇంటారు?" అంది.

"కట్టిన ముడుపు మధ్యలో తీసేత్తే ఆవిడ కొడుకు మీదకొత్తాది. నేను తియ్యను," అన్నాను.

మొండితనమే అనుకోండి. కానీ ఆవిడ తింటోంది, నిద్రపోతోంది. ఆ గుడ్డ తీసి మళ్ళీ ఆ మొహం చూసే ధైర్యం నాకు లేదు.

ఈస్టర్‌కి ముందు మామా ఇల్లంతా దులిపించేది. ఎప్పుడూ నాకు చెప్పే పని ఆ ఏడు తేతా గదిలో తనే మొదలెట్టింది. తేతా మందు వేసుకుని పడుకుని ఉంది. పటం తీయగానే పసుపు మూట మంచం మీద పడింది. నేను వంటింట్లో ఉన్నాను. మామా కేక వేయలేదు. వచ్చి పట్టకారు తీసుకుని వెళ్ళింది, మూటని దాంతో పట్టుకుని తెచ్చి హాల్లో న్యూస్‌పేపర్ మీద పెట్టింది. నా ఫోను లాక్కుంది. నన్ను గోడ దగ్గర నిలబడమంది. భర్తకి ఫోన్ చేసి వెంటనే రమ్మంది. ఆయన వచ్చేదాకా ప్రశ్నలే. ఇందులో ఎవరి జుట్టుంది, ఎవర్ని చంపాలని, ఎవరు చేయించారు. కిందటి నెల బాబా కారుని వెనక నుంచి ఎవడో గుద్దాడు, అదీ నా పనే అంది. సాహిరా అంది నన్ను. మంత్రగత్తె అని. కాదు మామా, కాదు మామా అనడం తప్ప నాకు వేరే మాట రాలేదు. వేలిముద్రలు వేయించి విమానం ఎక్కించేస్తారు, ఊళ్ళో ఏమని చెప్పుకోను, అదే తిరుగుతోంది బుర్రలో. 

బాబా వచ్చాడు. మూటని చూశాడు, నన్ను చూశాడు. పోలీసులకి ఫోన్ చెయ్ అంది మామా. ఆయన జేబులో చెయ్యి పెట్టేసరికి నాకెక్కడలేని తెగింపు వచ్చింది. ఒక్క ఊపిరిలో చెప్పేశాను. అది మంత్రం కాదు, మొక్కు. మీ కోసం మీ అమ్మ మొక్కింది. మిమ్మల్ని పట్టుకుపోయినప్పుడు మొక్కింది. దైర్‌కి నడిచి వచ్చి మీ చేత దీపం వెలిగింపిస్తానంది, మీరు రానన్నారు. అది మీకు తగులుతుందని తిండి మానేసి చావబోయింది. ఆలస్యమైందని మరియమ్మ తల్లికి కబురు పెట్టాను, అంతే నేను చేసింది. వెళ్ళండి, తీసుకెళ్ళి ఆ దీపం వెలిగించి రండి, అప్పుడు నన్ను జైల్లో పెట్టించండి.

ఆయన మొహం ఎర్రబడింది. నా మీద కోపమో, ఆ పాత రోజులు పనిమనిషి నోట విన్నందుకో తెలియదు. ఆయన అంత గట్టిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు.

"ఏ దైర్? ఏ దీపం? ఆ దైర్ లేదు. యుద్ధంలో పైకప్పుతో సహా కూలిపోయి ఏళ్ళయింది. గోడ కూడా లేదు అక్కడ."

అప్పుడు అర్థమైంది నాకు, తేతా హాల్లోకి వస్తే టీవీలో వార్తలు ఎందుకు ఆపేసేవారో, ఊరి నుంచి ఫోన్ వస్తే బాబా బాల్కనీలోకి ఎందుకు వెళ్ళేవాడో. అర్థమవుతూనే గది వైపు చూశాను. తేతా వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరి సాయమూ లేకుండా అంత దూరం ఆవిడ నడవడం అదే మొదటిసారి.

 కొడుకు వైపు చూసి ఆవిడ ఒక్క మాట అడిగింది.

"గంట కూడానా?"

ఆయన తల ఊపాడు. ఎప్పుడు అంటే, నువ్వు ఇక్కడికొచ్చిన రెండో ఏడు అన్నాడు. నేను ఆ ఇంట్లో చేరిందే ఆ తర్వాత. అంటే నాకు చెప్పిన మొదటి రోజు నుంచీ ఆవిడ లేని మఠం సంగతే చెప్పింది, నేనూ ఆ లేని గుమ్మం ఎత్తునే అప్పజెప్పాను. ఆ మనుషుల మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. ఏడుస్తుందని దాచారు, సరే. కానీ ఆవిడ మొక్కు మొక్కుగానే మెడకి వేలాడుతోందని ఒక్కరికీ తట్టలేదు. నేనైనా తక్కువ తిన్నానా, నా ప్రాణం మీదికి వచ్చేసరికి ఆవిడ గుట్టు నడిహాల్లో కుమ్మరించాను.

తేతా వచ్చి సోఫాలో కూర్చుంది. ఆ మూట ఇటివ్వు అంది. మామా వద్దంటున్నా నేను తీసి ఒళ్ళో పెట్టాను. ఆవిడ వేళ్ళకి ముడి లొంగలేదు. మూట నా వైపు చాపింది.

"విప్పు," అంది.

నేను విప్పనన్నాను. గుడి కాని చోట, మొక్కు తీరకుండా ముడుపు విప్పకూడదు తేతా, అరిష్టం అన్నాను. ఆవిడ మళ్ళీ అదే మాట అంది, ఇంకా మెల్లగా. ఆ కళ్ళల్లోకి చూసి కాదనలేకపోయాను. గోళ్ళకి రాకపోతే పంటితో లాగి విప్పాను. బియ్యం గింజలు తివాచీ మీద పడ్డాయి. నాణెం ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ కొడుకుని దగ్గరికి పిలిచింది. ఆయన వచ్చి నేల మీద కూర్చున్నాడు. ఆ బట్టతల నిమిరి, నాణెం అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూసింది.

"నీ దగ్గరే ఉంచుకో నాన్నా. నిన్ను ఆ మరియమ్మ తల్లికి అప్పగించి ఇన్నేళ్ళూ నిశ్చింతగా నిద్రపోయాను. ఇక నిన్ను చూసుకునేవాళ్ళు లేరు. జాగ్రత్తగా ఉండు," అంది.

ఆయన దేవుణ్ణి నమ్మడు. ఆ ఇంట్లో అందరూ చర్చికి వెళ్తే ఒక్కడే కూర్చుని కాఫీ తాగేవాడు. ఆ మనిషి తల్లి ఒళ్ళో మొహం పెట్టి గుక్కపట్టి ఏడ్చాడు. పోలీసుల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు ఆయన తిరిగి ఆఫీసుకి వెళ్ళలేదు, కారు తాళం కూడా ముట్టుకోలేదు.

తేతా మంచం ఎక్కి గోడ వైపు తిరిగింది. నూనె రాస్తానంటే కాలు ఇచ్చింది కానీ కథ చెప్పలేదు. చెప్పమని నేనూ అడగలేకపోయాను. సూప్ గిన్నె అలాగే తిరిగొచ్చింది. ఊరుకోలేక, ఎక్కడో ఒక చోట ఇంకో మఠం ఉంటుంది తేతా అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. ఇంత పనికిమాలిన మాట నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు.

మర్నాడు ఉదయం బాబా డ్యూటీకి బయల్దేరాడు. మామా తలుపు దాకా వెళ్ళింది, లిఫ్ట్ దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చి కిటికీ దగ్గర నిలబడి కారు మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత వంటింట్లోకి వచ్చింది. నన్ను పంపించేసే మాట చెబుతుందనుకుని చేతులు తుడుచుకున్నాను. ఆవిడ గుప్పిట విప్పింది. అందులో ఆ నాణెం ఉంది, భర్త జేబులోంచి తీసినట్టుంది. రాత్రంతా ఏడ్చిన కళ్ళు.

"మళ్ళీ కట్టు," అంది.

నిన్న నేను మంత్రగత్తెని కదా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. నిన్న పట్టకారుతో పట్టుకున్న మనిషి వట్టి చేత్తో పట్టుకొచ్చింది.

"ఏ దేవుడికి కట్టను మామా?"

"నాకేం తెలుసు. కట్టు. ఆయన సాయంత్రం ఇంటికి రావాలి."

మిగిలిన గలీబు ముక్క చించాను. పసుపు కలిపాను. తడి గుడ్డలోనే నాణెం పెట్టి బియ్యం వేశాను. ఎవరి కోసమో చెప్పాను, ఆయన పేరు చెప్పాను, క్షేమంగా రావాలని చెప్పాను. ఆ తర్వాత ఊరి పేరు, దేవుడి పేరు రావాలి. మామా నా నోటి వైపే చూస్తోంది. పక్క గదిలో తేతా మేలుకునే ఉందని నాకు తెలుసు. ఆవిడైనా ఒక పేరు అందిస్తుందేమోనని ఆగాను. ఎంతసేపు ఆగినా ఆ గదిలోంచి మాట రాలేదు. ఎవరి పేరూ చెప్పకుండానే ముడి వేశాను.